పావు తిప్పు

విరిగిన చెయ్యి పట్టుకొని
దేశమంతా మా పుత్తూరుకు వస్తాది.
గంటకు మాత్రం ఇక్కడ ఎవరూ కట్టు కట్టరు.

"కాడికి చెద పట్టింది, నాలుక తోలు తెగింది!"
గోపురం మీంచి కేక వేస్తే
కింద తలలెత్తింది ముగ్గురే:
కోశాధికారి సాల్మన్ రాజు,
తోటి జ్ఞానదీపం,
ఒక మేక.

రైల్వేలో ముప్పై ఒక్క ఏండ్లు గ్యాంగ్‌మన్‌ని.
పట్టా మీద సుత్తితో తట్టి
లోపలి పగులును చెవితో పట్టిన వాణ్ణి.
గంటను మెటికతో తట్టినాను. పగుల్లేదు.
అరిగింది, అంతే.
నూరేండ్లు ఒకే చోట దెబ్బ తింటే
నీకూ నాకూ మాత్రం గుంట పడదా?

పోయిన ఆదివారం కానుక ఆరువందల నలభై,
అందులో చిరిగిన పది రూపాయలు ఒకటి.
అయ్యగారికి నాలుగు సంఘాలు, ఒక స్కూటరు.
మా వంతు నెలకొక ఆదివారం.
మద్రాసు కంపెనీ అంచనా లక్షా ముప్పై వేలు,
పన్ను వేరే.
సాల్మన్ రాజు ఆ కాగితం మడిచి
కీర్తనల పుస్తకంలో పెట్టినాడు,
భూస్థాపన పాటలుండే చోట.

"స్పీకరు పెడదాం, ఫోన్లో గంట ఉండాది,"
అన్నాడొక కుర్రాడు. వినిపించినాడు కూడా.
ఏ దేశపు గంటో.
మధ్యలో టూత్‌పేస్టు ప్రకటన వచ్చింది.

కోతల పండగకు వచ్చింది ఒకటే గుమ్మడికాయ.
పాడుకున్నవాడు తిరిగి బల్ల మీదే పెట్టినాడు,
ఆ తరువాతివాడూ అంతే.
అట్ల ఐదుసార్లు అమ్ముడుపోయింది ఆ కాయ.
ఎస్తేరమ్మ ఏడు గుడ్లు తెచ్చింది,
ఒక కమ్మ తీసి వాటి పక్కన పెట్టింది.
ఒకటే. రెండోది తీస్తే కోడలు ఊరుకోదంట.
"గంట కొడితేనే నాకు పొద్దు తెలుస్తాది," అనింది.

తోలు వాణియంబాడిది,
లారీ క్లీనరు ఊరికే తెచ్చిన బెల్టు తుంటలు.
కాడికి వేప చాలదన్నాడు వడ్రంగి ఖాజా మొహిద్దీన్.
వేలంలో కొన్న పాత స్లీపరు చూపించినాను.
దాని మీద అరచెయ్యి ఆనించి
"ఇది మోత తెలిసిన మాను," అన్నాడు.
రంపం పడినప్పుడు
తారు వాసన గుడంతా నిండింది,
నా ఉద్యోగం వాసన.

పాత కాడి అడుగున మేకుతో గీసిన రాత:
చి. అ. తోలు మార్చితిని. 1951.
చి. అ. ఎవరో రిజిస్టరులో లేడు.

నాలుగు బోల్టులు వదులు చేసి
గంటను పావు వంతు తిప్పినాము,
నాలుక కొత్త చోట తగిలేటట్టు.
తొమ్మిది మణుగులు
గొలుసు కప్పీ మీద జానెడు లేచి ఆగినప్పుడు
ఖాజా బిస్మిల్లా అన్నాడు,
నేను స్తోత్రం అన్నాను,
జ్ఞానదీపం అమ్మా అన్నాడు, కాలి మీద పానా పడి.

కొత్త దిమ్మె అడుగున నేనూ గీసినాను:
తరువాతివానికి. పావు తిప్పినాము.
ఈసారి నువ్వు అరపావు తిప్పు.

ఇది చెప్పడం మరిచినాను.
గంట చెక్కల మీద బోర్లా ఉన్న నెలలోనే
ఎస్తేరమ్మ పోయింది.
ఏడాదికొక దెబ్బ మా వాడుక.
ఆమె పెట్టె మాత్రం
మా చెప్పుల చప్పుడుతోనే పోయింది.

అందుకని ఆదివారం దాకా ఆగలేదు.
మంగళవారం, ఎండ ఇంకా దిగకముందే
తాడు పట్టుకున్నాను.
రిజిస్టరు డెబ్బై తొమ్మిది అంటాది,
కోడలు ఎనభై మూడంటాది.
ఎనభై మూడే కొడదామనుకున్నా,
ఎక్కువైతే ఎవరికి నష్టం.

ఒకటి.
గొంతు మారింది, కొంచెం లేత,
పాలపళ్ళు ఊడి
కొత్తవి వస్తున్న పిల్ల మాట మాదిరి.

నలభై దాటేసరికి భుజం పట్టేసింది.
చేతులకు కట్లతో బస్సు కోసం నిలబడినవాళ్ళు
ఇటు చూస్తా ఉండారు.
టీ బంకు దామోదరం రోడ్డు దాటొచ్చి
"ఎవరు పోయినారన్నా ఈ పొద్దు?" అన్నాడు.

"మూడు నెలలయింది," అన్నాను.
అంతకంటే మాట్లాడితే లెక్క తప్పుతాది.

అరవై నాలుగు.